మడిచి మోసుకుపోయే సైకిలు

సైకిలు మనిషిని మోయడానికి పుట్టిన యంత్రం. కాని బస్సు ఎక్కవలసి వచ్చినప్పుడు, రైలు పెట్టెలో చోటు చూసుకోవలసి వచ్చినప్పుడు, మేడమీది అద్దె గదికి మెట్లెక్కవలసి వచ్చినప్పుడు మనిషే సైకిలును మోయవలసి ఉంటుంది. ఈ రెండో పనికి మామూలు సైకిలు బొత్తిగా అనుకూలించదు. అది చేతికి ఇమడదు, మూలకు ఒదగదు. ఈ చిక్కును తీర్చడానికి ఏర్పడినదే మడత సైకిలు.

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డకు రైలుస్టేషను లేదు. రైలు ఎక్కదలచిన వారు సుమారు 40 కిలోమీటర్లు బస్సులో నంద్యాలకు రావలెను. అక్కడినుంచి గుంటూరు–గుంతకల్లు మార్గం ఒకటి, 2016లో ప్రయాణికుల బండ్లు మొదలైన ఎర్రగుంట్ల మార్గం మరొకటి ఉన్నవి. చదువుకోసమో కొలువుకోసమో రోజూ వచ్చిపోయే వారి ప్రయాణాన్ని మూడు ముక్కలుగా చూడవచ్చును: ఇంటినుంచి బస్సుదాకా రెండు కిలోమీటర్లు, బస్సులో నలభై, దిగిన తర్వాత మళ్లీ రెండో మూడో. పొడవైన ముక్క సులభంగానే గడుస్తుంది. చిక్కంతా రెండు కొసలలో ఉన్నది. ఆ కొసలు నడకకు ఎక్కువ, ప్రతిదినం ఆటో ఎక్కడానికి ఖర్చు. సైకిలుకైతే అవి పది పదిహేను నిమిషాల పని. కాని సైకిలు ఒక కొసన ఉంటే రెండో కొసన ఉండదు గదా! రెండు చోట్లా రెండు సైకిళ్లు ఉంచుకోవలెను, లేదా ఒకే సైకిలును సామానువలె వెంట తీసుకుపోవలెను.

పైగా ఈ ప్రాంతం సైకిలుకు అనువైనది. నల్లమల కొండలకు, ఎర్రమల కొండలకు నడుమ కుందూ నది లోయ చాలావరకు చదునైన నేల. ఎత్తుపల్లాల బాధ తక్కువ. అయితే ఇది నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు తీస్తుంది. అటువంటి నేలమీద వేసిన రోడ్లు సులభంగా కుంగి గుంతలు పడతవి. మడత సైకిలు చట్రాన్ని ఊహించేవాడు ఈ రెండు సంగతులనూ గుర్తుంచుకోవలెను.

పెట్టె కొలత

ఎంత చిన్నదిగా మడవవలెను? దీనికి ఒక కొలబద్ద కావలెను. ప్రయాణికులు తమ వెంట పెట్టెలోకి తీసుకుపోగల ట్రంకులకు, సూటుకేసులకు భారతీయ రైల్వేలు ఒక పరిమితిని నిర్ణయించినవి: పొడవు 100, వెడల్పు 60, ఎత్తు 25 సెంటీమీటర్లు. ఏ.సి. మూడంచెల పెట్టెలలోను, ఏ.సి. ఛైర్‌కారులలోను ఇది 55, 45, 22.5 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఇవి పెట్టెలను దృష్టిలో ఉంచుకొని చేసిన కొలతలే అయినా, మన ఆలోచనకు హద్దుగా మొదటిదాన్ని తీసుకుందాము.

మామూలు సైకిలు పొడవు సుమారు 185 సెంటీమీటర్లు. 28 అంగుళాల చక్రం టైరుతో కలిపి సుమారు 71 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉంటుంది. పై పెట్టెలో అన్నిటికన్న పెద్ద ముఖం 100 × 60. అంటే చట్రాన్ని ఎన్ని మడతలు పెట్టినా, చక్రమొక్కటే అందులో పట్టదన్నమాట. 20 అంగుళాల చక్రం (సుమారు 50 సెం.మీ.), 16 అంగుళాల చక్రం (సుమారు 42 సెం.మీ.) పడతవి. మడత సైకిళ్లలో చిన్న చక్రాలు కనబడడానికి కారణం ఇదే గాని, అలంకారం కాదు.

మందం సంగతి ఇంకా ఇరుకైనది. మడిచినప్పుడు రెండు చక్రాలు పక్కపక్కన చేరుతవి. ముందు ఇరుసు పొడవు 10, వెనుక ఇరుసు 13 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 23 అవుతుంది. మిగిలింది 2 సెంటీమీటర్లు. అందులోనే పెడళ్లు, చైను, చట్రం గొట్టం ఒదగవలెను. కనుక ముందు ఇరుసును పొట్టిగా చేయడం, ఒక పెడలునైనా మడిచేటట్టు అమర్చడం తప్పనిసరి. మడతలో పేరుపొందిన బ్రాంప్టన్ సైకిలు సైతం మడిచిన తర్వాత సుమారు 58 × 57 × 27 సెంటీమీటర్లు ఉంటుంది. మందంలో అది మన హద్దును 2 సెంటీమీటర్లు దాటుతున్నది. ఈ సమస్యలో సెంటీమీటరు విలువ ఎంతో దీనినిబట్టి తెలుసుకోవచ్చును.

పూర్వపు ప్రయత్నాలు

మడత సైకిలు కొత్త ఊహ కాదు. 1890 దశకంలోనే ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్ జెరార్ అనే అధికారి సైనికుడు వీపున మోసుకుపోగల సైకిలును రూపొందించినాడు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లోని బి.ఎస్.ఎ. కంపెనీ, పారాచూటుతో దిగే సైనికుల కోసం పదుల వేల సంఖ్యలో మడత సైకిళ్లు చేసింది. వాటి చట్రంలో పైన ఒక కీలు, కింద ఒక కీలు ఉండేవి. రెక్కల నట్లు విప్పితే చట్రం రెండుగా మడిగేది. చక్రాలు మాత్రం పెద్దవే. విమానంలో మోయడానికి అది చాలింది గాని, బస్సు సీటు కిందికి చాలదు.

1962లో బ్రిటిష్ ఇంజనీరు అలెక్స్ మౌల్టన్ చిన్న చక్రాల సైకిలును తెచ్చినాడు. అది మడత సైకిలు కాదు. అయినా చిన్న చక్రానికి గట్టిగా గాలి కొట్టిన సన్నని టైరు, కుదుపు తగ్గించే రబ్బరు స్ప్రింగు జతచేస్తే వేగంగా, సుఖంగా పోవచ్చునని అది రుజువు చేసింది. 1971లో హారీ బికర్టన్ అల్యూమినియంతో తేలికైన మడత సైకిలును అమ్మకానికి పెట్టినాడు. దానిని చూసి, ఇంతకన్న బాగా చేయవచ్చునని ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు 1976లో లండనులోని తన నివాసంలో పని మొదలుపెట్టినాడు. ఎదురుగా కనిపించే బ్రాంప్టన్ చర్చి పేరే సైకిలుకు పెట్టినాడు. పెద్ద ఎత్తున ఉత్పత్తి ప్రారంభం కావడానికి 1988 దాకా పట్టింది. అమెరికాలో లేసరు శాస్త్రజ్ఞుడైన డేవిడ్ హాన్ 1982లో డాహన్ సంస్థను స్థాపించినాడు. పైకి చిన్నదిగా కనిపించే ఈ వస్తువు వెనుక పన్నెండేళ్ల శ్రమ ఎందుకు దాగిఉన్నదో చూద్దాము.

త్రిభుజం పోతే ఏమి పోతుంది?

మామూలు సైకిలు చట్రంలో రెండు త్రిభుజాలు కనిపిస్తవి. త్రిభుజానికి ఒక గొప్ప గుణం ఉన్నది: భుజాల పొడవు మారనంతవరకు దాని ఆకారం మారదు. మూలల్లో కీళ్లు పెట్టినా నాలుగు కర్రల చట్రం పక్కకు ఒరుగుతుంది గాని, మూడు కర్రల చట్రం ఒరగదు. ఇంటి దూలాల అమరికలోనూ, రైలు వంతెనల అమరికలోనూ త్రిభుజాలు ఉండడానికి కారణం ఇదే. త్రిభుజంలోని గొట్టాలను బరువు సాగదీస్తుంది లేదా నొక్కుతుంది. వంచడం బహు స్వల్పం. సన్నని గొట్టం కూడా లాగుడును బాగా ఓర్చుకుంటుంది.

మడతకోసం పై గొట్టాన్ని తీసివేసి, ముందుభాగాన్ని వెనుకభాగంతో ఒకే పెద్ద గొట్టం ద్వారా కలిపినామనుకోండి. ఇక ఆ గొట్టమే దూలం. రెండు చక్రాలు రెండు గోడలు. సవారీ చేసేవాడు నడుమ కూర్చున్న బరువు. దూలం వంగజూస్తుంది.

ఎంత బలంగా వంగజూస్తుందో లెక్కించవచ్చును. మనిషి బరువు 70 కిలోలు, అంటే సుమారు 700 న్యూటన్లు. ఇరుసుల మధ్య దూరం 1 మీటరు. బరువంతా వెనుక ఇరుసుకు 40 సెంటీమీటర్ల ముందు, కీలుకు వెనుకనే పడుతున్నదని సులభం కోసం అనుకుందాము. అప్పుడు ముందు చక్రం మోసేది 700 × 40 ÷ 100 = 280 న్యూటన్లు. ఆ చక్రానికి అరమీటరు దూరాన కీలు ఉంటే, అక్కడ వంచే భ్రామకం 280 × 0.5 = 140 న్యూటన్ మీటర్లు. గుంతలో పడినప్పుడు ఇది మూడింతలు కావచ్చుననుకుంటే 420.

గొట్టం లావు, గొట్టం మందం

ఈ భ్రామకాన్ని రెండు గొట్టాల మీద పరీక్షిద్దాము. మొదటిది 32 మి.మీ. లావు, 2 మి.మీ. మందం గల ఉక్కు గొట్టం. రెండోది 50 మి.మీ. లావు, 1.2 మి.మీ. మందం గలది. అడ్డుకోతలో ఒకదానికి 188, రెండోదానికి 184 చదరపు మిల్లీమీటర్ల ఉక్కు ఉన్నది. అంటే బరువు దాదాపు సమానం. కాని 140 న్యూటన్ మీటర్ల భ్రామకానికి మొదటి గొట్టంలో ప్రతి చదరపు మిల్లీమీటరుకు 105 న్యూటన్ల ప్రతిబలం కలిగితే, రెండోదానిలో 64 మాత్రమే కలుగుతుంది. గుంతలో పడినప్పుడు ఇవి 316, 192 అవుతవి. మామూలు మెత్తని ఉక్కు సుమారు 250 దగ్గర శాశ్వతంగా వంగిపోతుంది. ఒకే బరువు ఉక్కుతో చేసిన రెండు గొట్టాలలో ఒకటి వంగిపోతుంది, రెండోది నిలుస్తుంది! అంతేకాదు, రెండో గొట్టం రెండున్నర రెట్లు దృఢమైనది కూడా.

కారణం సులభమే. వంగే దూలంలో అడుగు పొర సాగుతుంది, పై పొర నొక్కుకుంటుంది, నడుమ పొరకు పనే లేదు. కనుక ఉక్కును నడిమినుంచి ఎంత దూరం జరిపితే అంత ప్రయోజనం. వెదురు బొంగు లోపల డొల్లగా ఉండి గాలికి నిలవడంలోని రహస్యం ఇదే. అయితే గోడను మరీ పలుచన చేస్తే గొట్టం సొట్టపడి ముడుచుకుపోతుంది. కీలును అతికించవలసిన చోట మందం మరికాస్త ఉండవలెను.

అల్యూమినియం వాడితే బరువు తగ్గదా? దాని సాంద్రత ఉక్కులో సుమారు మూడోవంతు. కాని దాని దృఢత కూడా మూడోవంతే. కనుక ఉక్కు కొలతలనే అల్యూమినియానికి వాడితే సైకిలు ఊగుతుంది; గొట్టం ఇంకా లావు కావలెను. తేలికదనానికి పేరుపొందిన బికర్టన్ సైకిలుకు ఊగుతుందన్న పేరు కూడా వచ్చింది.

కీలులోనే కిటుకు

గొట్టాన్ని నడుమ కోసి కీలు పెట్టినామంటే, అన్నిటికన్న ఎక్కువ వంపు ఉన్న చోటనే చట్రాన్ని తెంచినామన్నమాట. సాధారణంగా నిలువు సీల ఒక పక్కన, బిగించే మర రెండో పక్కన ఉంటవి. చట్రం పక్కకు మడుగుతుంది. సవారీ సమయంలో బరువు వలన కీలు అడుగు అంచు విడిపోజూస్తుంది, పై అంచు ఒకదానినొకటి నొక్కుతుంది. కీలు ఎత్తు 7 సెంటీమీటర్లయితే, 140 న్యూటన్ మీటర్లను ఆపడానికి అడుగున 140 ÷ 0.07 = 2000 న్యూటన్ల లాగుడు కావలెను. ఇది 200 కిలోల బరువును వేలాడదీసినట్టు. గుంతలో 600 కిలోలు!

దీనికి వదులు తోడైతే పరిస్థితి మరింత విషమిస్తుంది. 7 సెంటీమీటర్ల కీలులో 0.1 మిల్లీమీటరు సందు ఉన్నదనుకోండి. ఒక మీటరు దూరాన చేతులు పట్టుకొనే హాండిలు దగ్గర అది 1.4 మిల్లీమీటర్ల కదలికగా కనబడుతుంది. కదలిక ఉన్న చోట అరుగుదల, అరిగిన చోట మరింత కదలిక. తలుపుకు వాడే మడతబందు సైకిలుకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. అది తిరగడానికి చేసిన వస్తువు. తిరగకుండా నిలవడం దాని పని కాదు.

మంచి కీలు చేసే ఉపాయం ముందుగానే బిగించి ఉంచడం. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కిస్తారు. చల్లారినప్పుడు పట్టా బిగిసి కర్ర ముక్కలన్నిటినీ లోనికి నొక్కుతుంది. ఆ తర్వాత బండి ఎంత కుదిపినా, ఆ నొక్కుడు ఉన్నంతకాలం అతుకులు విడవవు. సైకిలు చక్రపు పుల్లలూ ఇంతే. బిగించి ఉంచినందువలననే ఆ సన్నని పుల్లలు మనిషిని మోయగలవు. అదేవిధంగా కీలు రెండు ముఖాలను 6000 న్యూటన్లకన్న ఎక్కువ బలంతో ముందే ఒకదానికొకటి అదిమి ఉంచితే, గుంత కుదుపుకు కూడా అవి విడిపోవు. రెండు ముక్కలు ఒకే ముక్కవలె ప్రవర్తిస్తవి. కీలు అంచులను ఏటవాలుగా చెక్కి, వాటిమీద ‘వి’ ఆకారపు బిళ్లను మరతో బిగిస్తే, అది చీలవలె రెండింటినీ దగ్గరకు లాగుతుంది. కొంత అరిగినా, మర మరికాస్త తిరిగి ఆ అరుగుదలను సరిపెడుతుంది. బ్రాంప్టన్ కీలు ఈ తరహాదే.

హాండిలు దగ్గర ఇంకొక కీలు ఉన్నది. దీనిని చాలామంది లెక్కచేయరు. చిన్న చక్రాల కారణంగా హాండిలు కర్ర పొడుగు కావలసి వస్తుంది. కీలుకు 60 సెంటీమీటర్ల పైన 200 న్యూటన్ల లాగుడు పడితే, కీలు దగ్గర భ్రామకం 120 న్యూటన్ మీటర్లు. పెద్ద గొట్టం కీలుతో ఇది దాదాపు సమానం. ఇక్కడ విరిగితే మనిషి ముందుకు పడతాడు. కనుక ప్రతి కీలుకు రెండంచెల భద్రత ఉండవలెను: బిగింపు మర జారినా, వేరొక కొక్కెం పట్టుకొని చట్రాన్ని మడవనీయకూడదు.

చిన్న చక్రం మంచిచెడ్డలు

చిన్న చక్రాన్ని ఎక్కువసార్లు తొక్కవలెనన్న అపోహ ఒకటి ఉన్నది. ఒక తొక్కుడుకు పోయే దూరం చక్రం చుట్టుకొలత మీదనేగాక, పళ్ల నిష్పత్తి మీద కూడా ఆధారపడుతుంది. 28 అంగుళాల చక్రానికి ముందు 44, వెనుక 18 పళ్లుంటే పెడలు ఒక చుట్టుకు సుమారు 5.45 మీటర్లు పోతుంది. 16 అంగుళాల చక్రానికి ముందు 54, వెనుక 13 పళ్లు పెడితే 5.48 మీటర్లు. తేడా లేదు.

అసలు తేడా గుంతల్లో ఉన్నది. 5 సెంటీమీటర్ల ఎత్తు అంచును ఎక్కడానికి 28 అంగుళాల చక్రాన్ని దానిమీది బరువులో 0.60 వంతు బలంతో ముందుకు నెట్టవలెను. 20 అంగుళాలదానికి 0.75, 16 అంగుళాలదానికి 0.85 వంతు కావలెను. నల్లరేగడి ప్రాంతపు రోడ్లకు ఇది చిన్న విషయం కాదు. కనుక ఈ ప్రాంతానికి 20 అంగుళాల చక్రం, కాస్త లావు టైరు ఎంచుకొని, మడత కొంచెం పెద్దదైనా సహించడం మేలు. 16 అంగుళాలే కావలెనంటే వెనుక రబ్బరు దిమ్మె అవసరం. వెనుక చక్రపు చట్రం ఎలాగూ మడత కోసం కిందికి తిరగవలసినదే గనుక, ఆ తిరిగే చోటనే దిమ్మెను పెట్టి ఒక కీలుతో రెండు పనులు చేయించుకోవచ్చును.

మడిచే క్రమం కూడా ఆలోచించి నిర్ణయించవలసినదే. మొదట వెనుక చక్రం కిందుగా ముందుకు తిరుగుతుంది. తర్వాత ముందు సగం పక్కకు మడిగి దాని పక్కన చేరుతుంది. ఆ తర్వాత హాండిలు వాలుతుంది. చివర సీటు గొట్టం కిందికి దిగి, మడతలు విచ్చుకోకుండా గడియవలె పనిచేస్తుంది. చైను రెండు చక్రాల నడుమ ఉంటే, పక్కవారి పంచెకు, చీరకు నూనెమరక అంటదు. ఉక్కు మడత సైకిలు బరువు సాధారణంగా 11 నుంచి 13 కిలోలు ఉంటుంది, అంటే 25 కిలోల బియ్యం సంచిలో సుమారు సగం.

అలసిపోయే లోహం

మన ఊళ్లలో నేర్పరులైన మెకానిక్కులకు కొదవలేదు. పాత సైకిలును నడుమ కోసి, కీలు వెల్డింగు చేసి నడిపి చూడాలన్న ఉత్సాహం ఎవరికైనా కలగవచ్చును. ఆ సైకిలు మొదటిరోజు బాగానే నడుస్తుంది. ప్రమాదమంతా అందులోనే ఉన్నది.

పెడలు ఒక చుట్టుకు 5.45 మీటర్లయితే, కిలోమీటరుకు 183 చుట్లు, రెండు కాళ్లవీ కలిపి 367 తొక్కుళ్లు. రోజుకు 10 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు నడిపితే 11 లక్షల తొక్కుళ్లు అవుతవి. ప్రతి తొక్కుడుకు చట్రం రవ్వంత వంగి లేస్తుంది. ఒక్కసారికి ఏమీకాని బలమే లక్షలసార్లు పడితే లోహంలో సన్నని పగులు పుట్టి, మెల్లగా పెరిగి, ఒకనాడు హఠాత్తుగా విరుగుతుంది. దీనిని లోహపు అలసట అంటారు. వెల్డింగు అతుకు అంచున ఈ పగులు సులభంగా మొదలవుతుంది. అందుకే అంతర్జాతీయ ప్రమాణాలు మామూలు వాడకపు సైకిలు చట్రాన్ని పెడళ్లపై 1000 న్యూటన్ల బలంతో లక్షసార్లు నొక్కి పరీక్షించమంటున్నవి. ఉక్కు సుమారు 1500 డిగ్రీల దగ్గర కరిగితే, ఇత్తడి 900 డిగ్రీల ప్రాంతంలోనే కరుగుతుంది. కనుక ఇత్తడి అతుకులో గొట్టం కరగదు, అతుకు అంచు నునుపుగా కుదురుతుంది. పలుచని గొట్టాలకు ఇది మేలైన పద్ధతి.

వాడేవారికి కూడా కొన్ని జాగ్రత్తలు ఉన్నవి. ఎక్కేముందు ప్రతి మరనూ చేత్తో తడిమి చూడవలెను. రేగడి బురద కీలు ముఖాలమధ్య చేరితే బిగింపు పైకి బిగుతుగా కనిపిస్తుంది గాని, ముఖాలు పూర్తిగా తాకవు. బురద రాలగానే వదులవుతుంది. కనుక గుడ్డతో తుడిచి మరీ బిగించవలెను. కీలు దగ్గర రంగు వెంట్రుకవలె సన్నగా పగిలినట్టు కనిపిస్తే, ఆ సైకిలు ఎక్కరాదు. హాండిలు పట్టుకొని ముందు బ్రేకు నొక్కి ముందుకు వెనుకకు ఊపితే, కీలులో వదులు ఉన్నదీ లేనిదీ చేతికే తెలుస్తుంది.

మడత సైకిలు చట్రానికి మూడు షరతులు ఉన్నవి: చిన్నదిగా మడగవలెను, తేలికగా ఉండవలెను, విప్పినప్పుడు గట్టిగా నిలవవలెను. ఏ రెండింటినైనా సాధించడం సులభం. మూడింటినీ కలిపి సాధించడమే కష్టం. మన బస్సులకు, మన రోడ్లకు, మన జేబులకు సరిపోయే మడత సైకిలును తయారుచేయడం ఇంజనీరింగు విద్యార్థులు చేపట్టదగిన పని. దానికి కావలసినవి మంచి గొట్టం, మంచి లేతు, ఇత్తడి అతుకు తెలిసిన చేయి. వీటితోపాటు, ఒకసారి నడిచినంతమాత్రాన తృప్తిపడక లక్షసార్లు నొక్కి చూసే ఓర్పు కూడా కావలెను.